డిమ్ చేస్తే బల్బు పోతుందా?

మాది తెనాలిలో ఓ చిన్న నాటక సమాజం. నాకు నటన రాదు, లైట్లు నా పని. పరిషత్తు పోటీలకి ఏ ఊరెళ్ళినా డిమ్మర్ బోర్డు ముందేసుకుని ఓ మూల కూర్చుంటాను.

మా లైట్లన్నీ ఇంకా వెయ్యి వాట్ల హాలోజెన్లే. ఎల్ఈడీలు కొనే స్తోమత లేదు. వీటి ఆయుష్షు కంపెనీ లెక్కలోనే కొన్ని వందల గంటలు. ఒకటి పోయిందంటే ఆ నెల ఖర్చుల్లో ఏదో ఒకటి కోసుకోవాల్సిందే.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన సమాజంలో అందరికీ బాబాయే. ఆయనది ఒకటే మాట. "డిమ్ చెయ్యకురా, బల్బు నల్లబడి చస్తుంది. వేస్తే ఫుల్లు వెయ్యి, లేకపోతే ఆపెయ్యి."

ఈసారి మా నాటికలో చివరి రెండు నిమిషాలు మాటల్లేవు. తండ్రి పాత్ర ఒంటరిగా కూర్చుని ఉంటే వెలుగు మెల్లగా తగ్గిపోవాలి. దర్శకుడు పట్టు వదలడు, బాబాయ్ ఒప్పుకోడు. మధ్యలో నేను. సరే, అసలు సంగతేంటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

బాబాయ్ మాట ఊరికే పుట్టింది కాదు. మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపల అంటుకుంటుంది. నలుపు అదే. హాలోజెన్ బల్బులో కాస్త అయొడినో బ్రోమినో ఉంటుంది. అది ఆ టంగ్‌స్టన్‌ని గాజు మీద పేరుకోనివ్వకుండా తిరిగి తీగ దగ్గరికే చేరుస్తుంది. ఇది జరగాలంటే గాజు సుమారు 250 డిగ్రీల వేడి మీద ఉండాలి. బాగా డిమ్ చేస్తే అంత వేడి రాదు, ఆ శుభ్రం చేసే పని ఆగిపోతుంది.

కానీ డిమ్ చేస్తే తీగ వేడి కూడా తగ్గుతుంది కదా! అప్పుడు ఆవిరయ్యే టంగ్‌స్టనే చాలా తక్కువ. ఊడ్చేవాడు సెలవు పెట్టిన రోజే చెత్త వేసేవాళ్ళూ రాలేదన్నమాట. వోల్టేజీ 5 శాతం తగ్గిస్తే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. వెలుగు మాత్రం 16 శాతం దాకా తగ్గుతుంది.

అదే 5 శాతం పెరిగితే ఆయుష్షు సగమైపోతుంది. అంటే 230 రావాల్సిన చోట 241 వోల్టులు వస్తే చాలు. ఊళ్ళలో జనరేటర్ మీద ఆడేటప్పుడు మా బల్బులకి అసలు గండం ఇదే. ఇంకోటి, చల్లగా ఉన్న తీగ కరెంటుని పెద్దగా అడ్డుకోలేదు. ఒక్కసారిగా ఫుల్లు వేస్తే ఆ క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు దూసుకెళ్తుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే టప్పుమనడం మీరూ చూసే ఉంటారు.

అలాగని డిమ్మర్‌తో కరెంటు బిల్లు బాగా తగ్గుతుందనుకోకండి. సగం వోల్టేజీలో వెలుగు పదో వంతుకి పడిపోతుంది, బల్బు మాత్రం ఇంకా మూడో వంతు కరెంటు తింటూనే ఉంటుంది. రంగు కూడా తెలుపు నుంచి పసుపుకి, ఆపైన ఎర్రటి నారింజకి దిగుతుంది. మా చివరి సీన్‌కి కావాల్సింది సరిగ్గా ఆ రంగే.

ఇదంతా బాబాయ్‌కి చెప్పాను. "చదువుకున్నోడివి" అన్నాడంతే. మర్నాడు రిహార్సల్‌లో పక్కకొచ్చి కూర్చుని, నా చేతి మీద చెయ్యేసి ఫేడర్‌ని ఆపాడు. "అంత తొందరేంట్రా? ఇంకా మెల్లగా" అన్నాడు.

ఇప్పుడు మా పద్ధతి ఇదీ. ముందు మీటర్‌తో జనరేటర్ వోల్టేజీ చూస్తాం. తెర లేవకముందే లైట్లని కొద్దిగా వెలిగించి తీగల్ని వెచ్చబెడతాం. చాలాసేపు డిమ్‌లో ఉన్న బల్బుల్ని నాటిక అయ్యాక కాసేపు ఫుల్లులో ఉంచుతాం. వేడి మీద తీగ మెత్తగా ఉంటుంది, కుదిపితే తెగుతుంది. అందుకే బల్బులు చల్లారేదాకా స్టాండ్లని ఎవర్నీ ముట్టుకోనివ్వడు బాబాయ్.