తుడిచివేయుటకు ముందు

తప్పు చేసినవాని మాట జాగ్రత్తకు పనికివచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట నొక సాయంకాలము, మార్కుల పాత డేటాబేసును తొలగింపబోయి కొత్తదానిని తొలగించితిని. రెండు పేర్లకును భేదము ఒక్క అంకెయే. 'డ్రాప్ డేటాబేస్' అను ఆజ్ఞ నడచిన పిమ్మట మరలించు దారి లేదు. ముందునాటి ప్రతి యుండెను గాని, ఆ దినమున ఎక్కించిన తొమ్మిదవ తరగతి మార్కులు పోయెను. జవాబు కాగితములను పిల్లలను తిరిగి యడిగితిని. కాగితము పోగొట్టుకొన్న బాలుడొకడు "నాకు పందొమ్మిదేనండి" యని నిజము పలికెను. నా తప్పును చెప్పుకొనుటకు జంకుచుండిన నాకు వాడు గురువయ్యెను.

2017 జనవరి 31వ తేదీని గిట్‌ల్యాబ్ సంస్థలో నొక ఇంజనీరు, నకలు సర్వరనుకొని ముఖ్య సర్వరులోని డేటాబేసును తుడిచెను. సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలెను. నిత్యము తీయబడుచున్నవనుకొన్న ప్రతులు తీయబడుటయే లేదు. ఆరు గంటల క్రిందటి ప్రతి యొకటి ఆదుకొనెను. సంస్థయు జరిగినది దాచక లోకమునకు తెలిపెను.

ఇప్పుడు నేను దినచర్యకు వాడు ఖాతాకు తొలగించు అధికారమే లేదు. పాతదానికి మొదట పేరు మార్చి, ఒక నెల వేచి, దాని ప్రతిని వేరొక యంత్రముపై తెరచి చూచిన పిమ్మటనే తొలగింతును. తెరచి చూడని ప్రతి యున్నను లేనట్టిదే గదా!