ఇంట వినదగిన నాదం

నవవిధభక్తులను చెప్పేటప్పుడు ప్రహ్లాదుడు శ్రవణాన్ని మొదట నిలిపాడు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మదర్శనోపాయం ఉపదేశిస్తూ శ్రవణ మనన నిదిధ్యాసనలను ఆ క్రమంలోనే విధించాడు. భక్తికైనా జ్ఞానానికైనా తొలిద్వారం చెవియే అన్నమాట. అదే యాజ్ఞవల్క్యుని పేర వెలసిన స్మృతిలో, వీణావాదనతత్త్వం తెలిసి, శ్రుతిజాతులలో నిపుణుడై, తాళజ్ఞానం కలవాడు అనాయాసంగా మోక్షమార్గాన్ని చేరుకుంటాడని కూడా ఒక శ్లోకం ఉన్నది. సంగీతసభలలో ఈ శ్లోకాన్ని తరచుగా ఉదాహరిస్తారు. వేదాంతగోష్ఠులలో మాత్రం ఎందుకో అంతగా వినబడదు.

శాస్త్రీయసంగీతంలో ఇంట వినదగిన ధ్వనిముద్రణలు ఏవి అని కొందరు సాధకమిత్రులు అడుగుతుంటారు. నేను విద్వాంసుడను కాను. వినికిడి తప్ప నాకు వేరు అధికారం లేదు. అయితే ఆ వినికిడికి ఆరేండ్లపాటు ఒక కఠినపరీక్ష జరిగింది. ఆ పరీక్షలో నిలిచినవాటినే ఇక్కడ చెబుతాను.

మా నాన్నగారికి డెబ్బది ఎనిమిదవ యేట నీటికాసుల వ్యాధివలన చూపు పూర్తిగా పోయింది. ప్రతిదినం పోతనగారి భాగవతంలో ఒక ఘట్టం చదవనిదే భోజనానికి కూర్చోని మనిషి. పుస్తకం మూతబడిన తరువాత ఆయనకు మిగిలినది చెవి ఒక్కటే. ఇంట్లో ఏది మ్రోగినా అది ఆయనకు పారాయణమే కావాలి, లేదా హింస అవుతుంది. మొదటివారంలోనే ఒక నియమం పెట్టారు: “పాట పెట్టినప్పుడు మాటలు వద్దు. మాటలు ఉన్నప్పుడు పాట వద్దు. పాటను గోడకు తగిలించిన పటంలాగా చేయకండి.” వంటింట్లో తిరగమోత వేస్తూ, చరవాణిలో మాట్లాడుతూ, నేపథ్యంలో స్తోత్రాలు పెట్టుకొనే అలవాటు ఆనాటితో మా ఇంట ముగిసింది. అప్పుడు తెలిసింది, శ్రద్ధగా నూరుమార్లు విన్నా విసుగు పుట్టించని ధ్వనిముద్రణలు ఎంత తక్కువగా ఉంటాయో.

వేంకటేశ్వర సుప్రభాతంతో మొదలుపెడతాను. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి గళంలో 1963లో వెలువడిన ఆ ముద్రణ లేని తెలుగు ఇల్లు అరుదు. దానిని సిఫారసు చేయడమేమిటని నవ్వుకోవచ్చు. కాని దానిని పూర్తిగా విన్నవారెందరు? సుప్రభాతశ్లోకాలు ఇరవైతొమ్మిది. ఆ తరువాత స్తోత్రం పదకొండు శ్లోకాలు, ప్రపత్తి పదహారు, మంగళాశాసనం పధ్నాలుగు. విశ్వామిత్రుడు బాలరాముని మేల్కొలిపే వాల్మీకిశ్లోకంతో ఆరంభమైన గానం ప్రపత్తికి చేరేసరికి చాలా ఇండ్లలో కాఫీలు ముగిసి, స్నానాల తొందర మొదలవుతుంది. నిజానికి విశిష్టాద్వైతసారమంతా అక్కడే ఉన్నది. శ్రీనివాసుని పాదద్వయాన్ని శరణువేడే ఆ పదహారు శ్లోకాలనూ కేవలం ఒక్కవారం, కూర్చొని, మరేపనీ లేకుండా వినండి. సుబ్బులక్ష్మిగారు అక్కడ ఎక్కడా గళవిన్యాసానికి పోరు. ప్రతి సంయుక్తాక్షరం, ప్రతి విసర్గ తన స్థానంలో ఉంటుంది. నాన్నగారు సంస్కృతం చెప్పిన ఉపాధ్యాయులు; ఉచ్చారణలో దోషం దొరికితే గానమెంత మధురమైనా క్షమించేవారు కారు. ఆ ముద్రణలో ఆయనకు ఆరేండ్లలో ఆక్షేపణ దొరకలేదు.

ఆమె విష్ణుసహస్రనామం, భజగోవిందం కూడా అంతే. భజగోవిందానికి ముందు రాజాజీగారి ఆంగ్లోపన్యాసం ఒకటి క్లుప్తంగా ఉంటుంది. జ్ఞానం వేరు, భక్తి వేరు అనుకోవడం పొరబాటని ఆ వృద్ధకంఠం నిదానంగా చెబుతుంది. దానిని దాటవేయకండి.

ఇక బాలమురళీకృష్ణగారు. ఆయన ప్రతిభావిశేషాలను గురించి లోకం చాలా చెప్పింది. ఆయన కచేరీలలోని స్వరచమత్కారాలు గృహశ్రవణానికి అంతగా నప్పవని నా అభిప్రాయం. కాని ఆయన పాడిన సదాశివబ్రహ్మేంద్రుల కీర్తనలూ భద్రాచల రామదాసు కీర్తనలూ వేరు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని విని పెరిగిన తరానికి ఈ పాటల పరిచయం అక్కరలేదు.

సదాశివబ్రహ్మేంద్రులు వాదనిపుణులట, పండితులను మాటలతో ఓడిస్తుంటే, నోరు మూసుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావని గురువు పరమశివేంద్రులు అన్నారనీ, ఆ క్షణంనుండి ఆయన మౌనదీక్ష వహించారనీ సంప్రదాయగాథ. అటువంటి మౌని సృష్టించిన పాటలు ఎలా ఉంటాయి? చిన్న పల్లవి, రెండు మూడు చరణాలు, బాలురకు సైతం తెలిసే సంస్కృతం. వాదం లేదు, పూర్వపక్షం లేదు. సర్వం బ్రహ్మమయమని పాడేటప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఆయన నిరూపించడు. చేతికి తగిలిన వస్తువును గురించి చెప్పినట్లు చెబుతాడు. బాలమురళిగారి గానం ఆ సారళ్యాన్ని చెడగొట్టదు. సామరాగంలోని “మానస సంచరరే” విన్న తరువాత నాన్నగారు యంత్రాన్ని ఆపమని, ఆ చరణాలకు అన్వయం చెప్పేవారు. పిల్లలు కూర్చుంటే పిల్లలకు, ఎవరూ లేకపోతే తనకు తానే. ప్రస్థానత్రయభాష్యాల మాట ఎన్నడూ వినని మా ఇంటి పనిమనిషి కూడా ఆ వాకిట నిలబడి వినేది. “అయ్యగారూ, మనసును గదమాయిస్తున్నాడా, బుజ్జగిస్తున్నాడా?” అని ఒకనాడు అడిగింది. నాన్నగారు చాలాసేపు సమాధానం చెప్పలేదు.

రామదాసు కీర్తనల రుచి దీనికి భిన్నం. గోలకొండ చెరసాలలోని భక్తుడు పలకని దైవంతో పోట్లాడుతున్నాడు. ఆనందభైరవిలోని “పలుకే బంగారమాయెనా” వినండి. రాగం పేరులో ఆనందం, పాటలో దైన్యం. ఆ వైరుద్ధ్యాన్ని బాలమురళిగారు పరిష్కరించరు, అలాగే వదిలివేస్తారు. తెలుగుమాట ఎక్కడ విరగాలో ఎక్కడ విరగకూడదో ఆయనకు తెలిసినంతగా మరొక గాయకునికి తెలుసునా అనిపిస్తుంది. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు, వారి గురువు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు, ఆ పైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, ఆ పైన సాక్షాత్తు త్యాగయ్యగారు. ఆ పరంపరను మనసులో ఉంచుకొని, ఆయన పాడిన ఘనరాగపంచరత్నాలను కూడా దినానికొక్కటి చొప్పున వినవచ్చు. ఐదింటినీ ఒక్క ఊపున వినడం తిరువయ్యూరు ఆరాధనలో శోభిస్తుంది. ఇంట్లో అది అజీర్ణమే.

అన్నమాచార్యుల సంకీర్తనల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రాగిరేకులపై రాగాల పేర్లు చెక్కబడ్డాయి కాని స్వరాలు చెక్కబడలేదు. పదిహేనవ శతాబ్దపు వరుసలు మనకు దక్కలేదు. ఇప్పుడు మనం వినేవన్నీ ప్రధానంగా ఇరవయ్యవ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు ఆ కృషిలో అగ్రగణ్యులు. రేవతిరాగంలో “నానాటి బ్రతుకు” నేదునూరివారి కూర్పే; జీవితం నాటకమని చెప్పే ఆ పదానికి అంతకన్న తగిన రాగం ఉన్నదని ఇప్పుడు ఊహించలేము. ఆయన స్వయంగా పాడినదే వినమని నా మనవి. దేవస్థానంవారి ప్రోత్సాహంతో సుబ్బులక్ష్మిగారు పాడిన బాలాజీ పంచరత్నమాల కూడా ఉత్తమమే. ఆమెకు ఆ సంకీర్తనలను నేర్పినవారిలో నేదునూరివారు ఉన్నారు. ఈ మధ్య మృదంగం స్థానంలో యంత్రవాద్యాలు చేర్చి, వెనుక జలపాతధ్వనులు కలిపి వెలువరిస్తున్న సంకీర్తనల సంగతి నన్ను అడగవద్దు.

నాన్నగారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చినది ఎం. డి. రామనాథన్‌గారి దగ్గర. మంద్రస్థాయిలో, అతివిలంబంగా, ఒక్కొక్క స్వరాన్ని భూమిలో పాతినట్లు పాడే ఆ గాయకుడు నాకు ప్రాణం. టైగర్ వరదాచార్యులకు శిష్యుడై, తాను రచించిన కృతులలో కూడా “వరదదాస” అని గురువు పేరునే ముద్రగా వేసుకున్నవాడు. హిందోళంలో ఆయన “సామజవరగమన” ఎత్తుకుంటే గడియారం మీద నమ్మకం పోతుంది. నాన్నగారు మాత్రం రెండవ నిమిషంలోనే చేయి ఎత్తేవారు. “నాదం సరే. మాట ఏదిరా? పదాన్ని ఇంతగా సాగదీస్తే అన్వయం ఎక్కడ నిలుస్తుంది? అర్థం తెలియని శ్రవణం చెవికి స్నానం, అంతే.”

శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరాన్ని అడ్డం వేసుకొని నేను వాదించేవాడిని. అనాహతనాదం ముక్తినిస్తుంది కాని జనులను రంజింపజేయదనీ, ఆహతనాదమైతే రంజింపజేస్తూనే భవబంధాన్ని భంజిస్తుందనీ ఆయన సిద్ధాంతం కదా. అక్కడ నాదానికి చెప్పిన మహిమకు పదార్థజ్ఞానం షరతు కాదు కదా అని. నాన్నగారు మీమాంసకుని మొండితనంతో శబ్దార్థసంబంధం నిత్యమనేవారు. ఇది మా ఇంట వారానికొకసారైనా జరిగే ఖండనమండనం. చూపు పోయిన తరువాత ఆయన కంఠంలో పాత ఉపాధ్యాయుడు మేల్కొనేది ఆ వాదాలలోనే. అందుచేత అందులో గెలవాలని నేను ఎన్నడూ గట్టిగా ప్రయత్నించలేదు.

వాదం ఒక మలుపు తిరిగినది ఈమని శంకరశాస్త్రిగారి వీణవల్ల. ద్రాక్షారామంలో పుట్టిన ఆ మహావైణికుని వాదనంలో గాత్రధర్మం ప్రధానం. వీణపై కీర్తన వాయించేటప్పుడు వైణికుడు మీటులను ఇష్టానుసారం వేయడు; సాహిత్యాక్షరం పడేచోట మీటు పడుతుంది, అక్షరం సాగేచోట తంత్రిని లాగి గమకంతో స్వరాన్ని సాగిస్తాడు. కనుక కీర్తన తెలిసినవానికి తీగెమీద మాటలు వినబడతాయి. ఒక త్యాగరాజకృతి వీణపై సాగుతున్నది. చూస్తే నాన్నగారి పెదవులు కదులుతున్నాయి. పల్లవి మొదలు చరణం చివరివరకు ఒక్క అక్షరం తప్పకుండా, ధ్వని లేకుండా పాడుతున్నారు. ముగిసిన తరువాత, “వీడు పాడాడురా” అన్నారు. మాట లేని వాద్యంలో మాట దొరికింది ఆయనకు. మాట ఉన్న గానంలో అది దొరకలేదని రామనాథన్‌గారిపై ఆక్షేపణను మాత్రం ఉపసంహరించుకోలేదు.

అందుచేత వీణను సిఫారసు చేసేటప్పుడు ఒక మెలిక పెడతాను. ముందు ఆ కీర్తనను గాత్రంలో కంఠస్థం అయ్యేదాకా వినండి, తరువాత శంకరశాస్త్రిగారిని గాని, ఆయన శిష్యులు చిట్టిబాబుగారిని గాని వినండి. ఈ క్రమం తారుమారైతే సగం ఫలమే.

ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనం పాత డెబ్బది ఎనిమిది భ్రమణాల పళ్లాలమీదినుండి మనకు దక్కింది. పళ్లెం ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాలే. రాగస్వరూపాన్ని అంతలోనే నిలబెట్టాలి. సూది గీరుకునే ధ్వని మొదట చికాకు కలిగిస్తుంది. నాలుగవసారికి అది వినబడదు. విజయనగరం సంగీతకళాశాలలో ఆచార్యత్వం నెరపిన ఆ మహనీయునికి కూడా చిన్ననాటినుండి దృష్టి మందం. ఈ సంగతి నేను నాన్నగారికి చెప్పలేదు. ఆయనకు ముందే తెలుసు. సాయంసంధ్యలో, దీపం పెట్టే వేళకు, ఆయన తనంతట తాను కోరి అడిగిన ముద్రణ ఇదొక్కటే.

నాదస్వరం కావలసినవారికి షేక్ చినమౌలానాగారు. ప్రకాశంజిల్లా కరవదిలో జన్మించి శ్రీరంగంలో స్థిరపడిన విద్వాంసుడు. పర్వదినాలలో తెల్లవారుజామున, ధ్వనిని బాగా తగ్గించి, వాద్యం పక్కవీధి గుడినుండి వస్తున్నట్లు పెట్టుకోవాలి. ఇరుగుపొరుగు కూడా సంతోషిస్తారు.

వినే విధానం గురించి రెండు మాటలు. ఒక ముద్రణను ఎంచుకుంటే మండలంపాటు, అంటే నలభై దినాలు, దానినే వినండి. ఖరీదైన యంత్రం అవసరం లేదు; మా ఇంట ఉన్నది ఒక చిన్న పెట్టె. గానం మొదలయ్యేముందు తంబురా శ్రుతి ఒకటి రెండు నిమిషాలు విడిగా వినగలిగితే చెవి దానంతట అదే నిలుస్తుంది. ఒక పాట ముగిసిన వెంటనే యంత్రం తనంతట తాను మరొక పాటలోకి దూకే ఏర్పాటును తప్పక తీసివేయండి. మననానికి ఆ మాత్రం ఖాళీ కావాలి.

నాన్నగారు వెళ్లి మూడేండ్లయింది. ఇప్పుడు రాత్రివేళ రామనాథన్‌గారిని అడ్డుచెప్పేవారు లేకుండా పూర్తిగా వినగలుగుతున్నాను. కాని సాహిత్యపుస్తకం పక్కన తెరచి పెట్టుకుంటున్నాను. ఆయన ఒక్క అక్షరం మీద నిలిచిపోయినప్పుడు, వ్రేలు కూడా ఆ అక్షరం మీదనే ఉంచి, తరువాతి మాట వచ్చేదాకా ఆగుతున్నాను.