చెలగాటమూ, ప్రాణసంకటమూ

హాస్యం విషయంలో పాఠకులు సులభంగా రాజీపడరు. విషాద నవల నచ్చకపోతే అభిరుచులు వేరని సరిపెట్టుకుంటారు. హాస్య నవల దగ్గర అలా కాదు. నవ్వినవారు నవ్వనివారిని జాలిగా చూస్తారు. నవ్వనివారు నవ్వినవారి తెలివినే శంకిస్తారు. ఆ హాస్యం సైన్స్ ఫిక్షన్‌లో పుట్టిందైతే తగవు మరింత విచిత్రంగా ఉంటుంది. గ్రహాంతరవాసులూ అంతరిక్ష నౌకలూ ఎవరి అనుభవంలోనూ లేనివే. అయినా ఒకే పుట దగ్గర ఒకరు పగలబడి నవ్వుతారు, మరొకరు పుస్తకం మూసేస్తారు.

ఇంగ్లండ్ రచయిత డగ్లస్ ఆడమ్స్ ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ ఇందుకు మంచి తార్కాణం. 1978లో బీబీసీ రేడియో ధారావాహికగా మొదలైన ఈ కథ 1979లో నవలగా వెలువడింది. ఆర్థర్ డెంట్ అనే సామాన్యుడు ఒక ఉదయం నిద్ర లేచేసరికి, బైపాస్ రోడ్డు కోసం అతడి ఇంటిని కూల్చడానికి బుల్డోజర్ వచ్చి నిలుస్తుంది. ప్రణాళికను ప్రజల పరిశీలనకు ఎప్పుడో ఉంచామంటారు అధికారులు. ఉంచింది మాత్రం దీపాల్లేని నేలమాళిగలో, ఎవరూ వాడని మరుగుదొడ్డిలో, తాళం వేసిన బీరువా అడుగున. కాసేపటికే వోగన్లు అనే గ్రహాంతర అధికారగణం దిగి, అంతరిక్ష బైపాస్ కోసం భూమినే కూల్చేస్తుంది. వారి సమాధానమూ అదే: ప్రణాళికలు యాభై ఏళ్లుగా ఆల్ఫా సెంటారీలోని కార్యాలయంలో అందుబాటులోనే ఉన్నాయట.

ఈ నవలను తలకెత్తుకునేవారిలో చాలామంది దాని మాటల చమత్కారానికి ముగ్ధులవుతారు. పి.జి.వుడ్‌హౌస్‌ను ఆడమ్స్ ఎంతగానో అభిమానించేవాడు; వాక్యాన్ని ఊహించని మలుపు తిప్పి వదిలే ఆ పనితనం ఇతడిలోనూ కనిపిస్తుంది. వుడ్‌హౌస్ రుచి మరిగిన భారతీయ పాఠకులకు ఆడమ్స్ సులువుగానే దగ్గరవుతాడు. మరో వర్గానికి కథ కావాలి. రేడియో కోసం భాగాలుగా అల్లిన సన్నివేశాలు నవలలో అతుకుల్లా కనిపిస్తాయని, భూగోళమే పోయినవాడు టీ కోసం అంతగా తపించడమేమిటని వారి అభ్యంతరం. రెండు వాదాల్లోనూ పస ఉంది. ఇవి సాహిత్య విభేదాలు. వీటి అడుగున మరో విభేదం ఉంది. దాన్ని తెలుగు సామెత ఏనాడో చెప్పింది: పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పాఠకుడు ఎక్కడ నిలబడి చదువుతున్నాడన్నదే ఆ విభేదం.

దక్షిణాసియాలో దీనికి పాత ఉదాహరణే ఉంది. బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లిష్‌లో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వెలువడిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. అది నవల కాదు, చిన్న కథ. అందులోని స్త్రీల రాజ్యంలో ఎండతో వంట చేస్తారు, గాలిలో ప్రయాణిస్తారు, మేఘాల నుంచి నేరుగా నీరు తోడుకుంటారు. దండెత్తి వచ్చిన సేనను ఒక్కచోట కేంద్రీకరించిన సూర్యతాపంతో తరిమికొడతారు. మగవాళ్లు పరదా చాటున ఇంటిపనులు చూసుకుంటుంటారు. పరదాలో మగ్గిన స్త్రీకి అది మనసారా నవ్వించే ఊహ. డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేసిన ఆమె భర్త మాత్రం నిలుచున్నచోటే దాన్ని ఆసాంతం చదివి, ఇది భయంకరమైన ప్రతీకారమని అన్నాడట. భార్య చదువునూ రచననూ ప్రోత్సహించిన మనిషే ఆయన. అయినా ఆ హాస్యం ఎవరికి తగులుతుందో వెంటనే గుర్తించాడు.

భర్తలాగే రాజ్యమూ ఒక పాఠకుడే. సోవియట్ రచయితలైన అర్కాదీ, బోరిస్ స్త్రుగాత్స్కీ సోదరులు 1965లో ‘సోమవారం శనివారమే మొదలవుతుంది’ అనే నవల ప్రచురించారు. మంత్రవిద్యపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ, అందులో పని తప్ప మరో లోకం తెలియని యువకులు, డాబుసరి ఆచార్యుడు దాని సరుకు. అక్కడి యువ శాస్త్రవేత్తలకు అది అభిమాన గ్రంథమైంది. తదుపరి రచన ‘త్రోయికా కథ’లో, లోకంలోని వింతలన్నింటినీ పెద్ద ముద్ర కొట్టి తేల్చేసే అధికార సంఘం ఉంటుంది. 1968లో ఇర్కుట్స్క్‌లోని ‘అంగారా’ పత్రిక దాన్ని అచ్చువేయగా, ఆ సంచికలను చలామణీ నుంచి తొలగించారు. రచయితలు వారే, నవ్వూ అదే. మొదటిసారి ఆ నవ్వు పరిశోధనాలయంలో ఆగింది. రెండోసారి ముద్ర ఉన్న బల్ల దాకా వెళ్లింది.

ఇక ఆర్థర్ డెంట్ ఇంటి సంగతి. భారతదేశంలో బుల్డోజర్ కొన్నేళ్లుగా ఎన్నికల సభల్లో ప్రతాపచిహ్నం. సభలో చప్పట్లు కొట్టేవారు ఒకరు, గుమ్మంలో దాన్ని చూసేవారు మరొకరు. 2024 నవంబర్ 13న జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ కె.వి.విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, నేరారోపణ ఉన్నంత మాత్రాన ఇల్లు కూల్చరాదని తీర్పు చెప్పింది. కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడం గోడకు అంటించాలి. పాత తేదీ వేశారన్న ఆరోపణకు తావులేకుండా కలెక్టర్ కార్యాలయానికి ఈమెయిల్‌లో తెలపాలి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జలవనరుల వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ నిబంధనలు వర్తించవు. నోటీసును ఇంటి గోడకే అంటించాలని దేశ అత్యున్నత న్యాయస్థానం ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే, నేలమాళిగలోని ఆ బీరువా ఒక ఆంగ్లేయుడి అతిశయోక్తి మాత్రమే కాదు.

ఇల్లు పోయినవాడు ఆ పుట దగ్గర ముఖం తిప్పుకునే తీరాలనీ లేదు. అందరికంటే గట్టిగా నవ్వేది అతడే కావచ్చు. కార్యాలయాల భాషను అంత కచ్చితంగా పట్టుకున్న రచయిత ఒకడున్నాడని ఊరట పొందవచ్చు. ఫైలు నడిపిన అధికారి సైతం తన గదిని గుర్తుపట్టి నవ్వుకోవచ్చు. ఫలానా వారికి ఫలానా హాస్యమని పట్టిక వేయడం కుదరదు. కానీ సాహిత్య చర్చలో ఒకరు ‘ఇందులో నవ్వడానికేముంది’ అన్నప్పుడు, ఆ మనిషికి హాస్యస్పృహ లేదని తీర్మానించేవారు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఇంటి గోడకు ఎప్పుడైనా నోటీసు అంటించారా, అంటిస్తే ఎన్ని రోజుల గడువు ఇచ్చారు అన్నది ముందు అడగాలి.