నాలుగో మాత్ర

అత్తయ్యగారు తూలుతూ నడుస్తుంటే నేను విసుక్కున్నాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడకి చాలా ఏళ్లుగా ఫిట్స్. రోజుకి వంద మిల్లీగ్రాముల ఫెనిటోయిన్ మాత్రలు మూడు. బాగానే ఉన్నారు అనుకుంటుండగా దసరాల్లో మళ్లీ ఫిట్ వచ్చింది. రక్తంలో మందు ఎంతుందో చూస్తే 9. మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలట. (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మన చిటికెడు ఉప్పు దాని ముందు ఓ మూట!) డాక్టరుగారు నాలుగో మాత్ర కలిపారు. మూడింటికి 9 అయితే నాలుగింటికి 12, సరిపోతుందిలే అని నేనూ లెక్కేసుకున్నాను.

మూడు వారాలయ్యేసరికి ఆవిడ గోడ పట్టుకుని నడుస్తున్నారు. మాట ముద్దముద్దగా వస్తోంది. "నేల ఊగుతున్నట్టుంది అమ్మాయ్" అంటే, "సరిగ్గా తినకపోతే అంతేనండీ" అనేశాను. ఓ పొద్దున పాలగిన్నె ఒలికిపోయింది. "చూసుకుని నడవొచ్చు కదండీ!" అని గట్టిగానే అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. గుడ్డ తెచ్చి తుడవబోయి, వంగలేక అక్కడే కూలబడ్డారు. లేవదీస్తూ దగ్గర్నుంచి చూశాను. కనుగుడ్లు నిలవకుండా పక్కకి అదురుతున్నాయి.

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాం. మర్నాడు పొద్దుటి మాత్ర వేయకముందే రక్తం ఇప్పించమన్నారు. మందు బాగా తగ్గి ఉండే వేళ అదేనట. ల్యాబులో రక్తాన్ని గిర్రున తిప్పితే కణాలు అడుగుకి చేరి, పైన పసుపుపచ్చటి ప్లాస్మా తేలుతుంది. మందు కొలిచేది అందులోనే. సాయంత్రం రిపోర్టు వచ్చింది: 34.

"ఒక్క మాత్రే కదండీ పెంచింది?" అన్నాను.

"ఈ మందుని లివరే ఖర్చు చెయ్యాలమ్మా. దానికో హద్దుంది. మీ సింకు తూము లాగగలిగినంత వరకూ కొళాయి ఎంత తిప్పినా ఫర్వాలేదు. అది దాటాక కాస్త తిప్పినా నిండిపోతుంది" అన్నారు.

ఈ ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆవిడ మూడు వారాలుగా చెబుతున్నది నేను విని ఉన్నా బాగుండేది.

ఆయన చెప్పినట్టే రెండు రోజులు మాత్ర ఆపి, తర్వాత మూడు మాత్రలూ ఓ యాభై మిల్లీగ్రాములదీ మొదలెట్టాం. మా అంతట మేము ఆపే ధైర్యం చెయ్యలేదు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ముంచుకొస్తాయి.

నెల తర్వాత మళ్లీ రక్తం ఇచ్చాం. ఈలోగా క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో, నోరు రాలేదు.

"ఎంతొచ్చింది అమ్మాయ్?"

"పదహారండీ."

"అయితే పాలు నేనే కాస్తాలే" అంటూ వంటింట్లోకి వెళ్లారు. గోడ పట్టుకోలేదు.