మీటరు చెప్పని చరిత్ర

విజయవాడ ఆటోనగరు ద్వారము దాటి నాలుగడుగులు వేసినవానిని ముందుగా పలుకరించునది ఆ ప్రదేశపు ధ్వని. సమ్మెటపోటులకు ఇనుపరేకు పెట్టు కేక, లేతుయంత్రముపై గిరగిర తిరుగు ఉక్కుకడ్డీ ఉలికి ఒరసికొనునప్పటి సన్నని రొద, వెల్డింగు జ్వాల చిటపటలు, ఎచ్చటనో ఒక లారీయింజను మొరాయించి మొరాయించి తుదకు మేలుకొన్నప్పటి గర్జన, ఇవన్నియు కలిసి ఉదయము తొమ్మిది గంటలకే ఆ వీధులను ఒక మహాకర్మశాలగా మార్చివేయుచుండును. ఒక వీధియందు పట్టీలు సాగగొట్టు కమ్మరులు, మరియొక వీధియందు రేడియేటర్లకు టంకము పెట్టువారు, ఇంకొకచో లారీలకు కొయ్యతోను ఇనుముతోను బాడీలు కట్టువారు, వారి ప్రక్కనే ఆ బాడీలపై చిలుకలను పద్మములను చిత్రించువారు: వాహనమున కెన్ని యంగములు కలవో అన్ని వృత్తులవారు ఇచ్చట కలరు.

మేము వెదకికొని వచ్చినది డీజిలు పనియందు చేయితిరిగిన ఒక మేస్త్రీగారి షెడ్డు. మా బావమరిది కైకలూరు ప్రాంతమున చేపలచెరువులు చేయువాడు. చెరువులపై తిరుగుటకును, భీమవరము పోయి వచ్చుటకును, వృద్ధురాలైన తల్లిని నెలకు రెండు మారులు వైద్యమునకై విజయవాడ తీసికొనివచ్చుటకును అతనికి ఒక కారు కావలసియుండెను. నెలకు రెండువేల కిలోమీటర్లకు తక్కువ తిరుగడు కనుక డీజిలుబండియే తగునని నిశ్చయించుకొనెను. క్రొత్తది కొనుటకు చేతిలోని ధనము చాలదు. అట్టివారి కందుబాటులో నున్నది పాతబండ్ల సంతయే. 2014 అక్టోబరులో ప్రభుత్వము డీజిలు ధరపై నియంత్రణ తొలగించుటకు పూర్వము పెట్రోలునకును దానికిని ధరలో చాల అంతరముండుటచే జనము డీజిలుకార్లను విరివిగా కొనిరి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమములు అమలులోనికి రాగా మారుతీ సుజుకీ వంటి సంస్థలు డీజిలుకార్లనే విడిచిపెట్టినవి. కావున మధ్యతరగతివాని కొనుబడికి లొంగు డీజిలుబండి యనగా నేడు చాలవరకు లక్షయో రెండులక్షలో కిలోమీటర్లు తిరిగివచ్చిన బండియే.

ఆ ఉదయము షెడ్డుముందు రెండు బండ్లు నిలిచియుండెను. మొదటిది ఢిల్లీనుండి వచ్చినది, 2014 నాటిది. మీటరుపై 78,000 అంకె కనబడుచుండెను. పదేండ్లు దాటిన డీజిలు వాహనములు రాజధానీ ప్రాంతమున తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశింపగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించిన పిమ్మట, గడువు సమీపించిన బండ్లు అచ్చట చౌకయై దక్షిణదేశమునకు తరలివచ్చుట పరిపాటి యయ్యెను. రెండవది 2012 నాటి ఇన్నోవా. మీటరు 2,38,000 దాటియుండెను. ఒక విశ్రాంత ఇంజనీరుగారు నెలకు రెండు మారులు విశాఖపట్టణము పోయి వచ్చుచు దానిని వాడినారట. అంకెలు రెండింటిని ప్రక్కప్రక్కన చూచినపుడు నా మనస్సును బావమరిది మనస్సును మొదటిదానివైపే మొగ్గినవి.

"మీటరు సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు బండిని చూడనివ్వండి," అని మేస్త్రీగారు ఢిల్లీబండి తలుపు తెరచిరి. ఆయన మొదట చూచినది ఇంజనును గాదు, బ్రేకుపెడలును. దాని రబ్బరు నడుమ గీతలన్నియు మాసి నున్నబడి, ఒక అంచున ఇనుము బయటపడియుండెను. స్టీరింగు తోలు అద్దమువలె మెరయుచుండెను. డ్రైవరు కూర్చుండు సీటు తలుపువైపు క్రుంగియుండెను. పిమ్మట బానెట్టు ఎత్తి, ఆయిలు మార్చినపుడు అతికించు చిన్న కాగితపుచీటీ యొకటి సగము చినిగి మిగిలియుండగా దానిపై దుమ్ము తుడిచి మాకు చూపిరి. అందు వ్రాసియున్న అంకె 1,31,640.

"మీటరు తిప్పినోడు ఈ చీటీ చూసుకోలేదండీ," అని ఆయన నిదానముగా పలికిరి. ఆ కంఠములో కోపము లేదు. ఇట్టివి వందలు చూచిన వైద్యుని ఖేదము మాత్రము కలదు. అంతలో ఇంజనుపై అరచేయి ఆనించి చూచి, "రాత్రినుంచి కదపకుండా ఉంచమన్నాను. వేడిగా ఉంది. మనం వచ్చేముందే స్టార్టు చేసి పెట్టారంటే, చల్లటప్పుడు అంటుకోదని అన్నా అనుకోవాలి, తొలిపొగ మనకు చూపించకూడదని అన్నా అనుకోవాలి," అనిరి.

ఆ పొగ విషయము ఆయన మాకు పాఠము చెప్పినట్లు చెప్పిరి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోనికి గాలిని మాత్రమే పీల్చి, దానిని పిస్టను మిక్కిలి గాఢముగా నొక్కుటచే ఆ గాలి నిప్పువలె వేడెక్కును. ఆ వేడిలోనికి డీజిలును చిమ్మినంతనే అది తనంత తాను మండును. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గులో నడిపి చూపిన సూత్రమిదియే. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున ఇట్టి ఇంజను ఒకటి వేరుసెనగనూనెతో సైతము నడిచినది. ఇంజను ప్రాణమంతయు ఆ నొక్కుడుబలమునందే యున్నది కనుక బోరు అరిగినను, రింగులు సడలినను, ముందుగా ఆ బలమే క్షీణించును. నీలపుపొగ యనగా ఆయిలు మండుచున్నది. నల్లపొగ యనగా డీజిలు ఎక్కువై గాలి చాలుట లేదు. తెల్లపొగ చల్లని ఉదయమున క్షణకాలము వచ్చి పోయినచో దోషము లేదు గాని, వేడెక్కిన పిమ్మటయు విడువకున్నచో కూలంటు లోపలికి దిగుచున్నదేమోయని శంకింపవలయును.

పిమ్మట జరిగిన పరీక్షను నేను జీవితములో మరువను. ఇంజెక్టర్లకు డీజిలు వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చేరును. అందు చిమ్మగా మిగిలిన కొంచెము వెనుకకు తిరిగి పోవుటకు సన్నని గొట్టములు కలవు. మేస్త్రీగారి శిష్యుడు ఆ గొట్టములను విడదీసి నాలుగు చిన్నసీసాలకు తగిలించి వరుసగా వ్రేలాడదీసెను. ఇంజను నడచుచుండగా అందరము ఊపిరి బిగబట్టి ఆ సీసాలవైపే చూచితిమి. మూడవ సీసా తక్కిన మూడింటికంటె రెండింతలు వేగముగా నిండెను. "మూడోది లోపల అరిగిపోయిందండీ. చిమ్మాల్సింది వెనక్కి పోతోంది," అని ఆయన నిర్ణయము చెప్పిరి. వైద్యుడు నాడి చూచినంత సూక్ష్మముగా, గాజుసీసాలతో రోగనిదానము చేసిన ఆ విధమునకు నేను మనసార నమస్కరించితిని.

ఇన్నోవా రాత్రియంతయు కదలక నిలిచినది. దాని ఇంజను మంచువలె చల్లగా నుండెను. తాళము త్రిప్పి, హీటరు దీపము ఆరువరకు ఆగి, స్టార్టు చేయగా రెండు చుట్లలోనే అందుకొనెను; వెనుక గొట్టమున పలుచని పొగ తొంగిచూచి మాయమయ్యెను. నడచుచున్న ఇంజనుపై ఆయిలు పోయు మూత తీసి అచ్చటనే బోర్లించి యుంచగా అది కొద్దిగా వణకినది గాని ఎగిరిపడలేదు. లోపలినుండి పొగ ఉబికి రాలేదు. సీసాలు నాలుగును ఇంచుమించు సమముగా నిండినవి. కంకిపాడు దారిలో పదికిలోమీటర్లు నడిపి చూచితిమి. మూడవ గేరులో నెమ్మదిగా పోవుచు ఒక్కసారి త్రొక్కినపుడు క్లచ్చి జారలేదు, టర్బో ఊళ వేయలేదు. ముందుచక్రముల బుష్షులు మాత్రము అరిగి చప్పుడు చేయుచున్నవనియు, అవి మార్చుటకు కొంత వ్యయమగుననియు మేస్త్రీగారు దాచక చెప్పిరి.

అంతలో ఆ విశ్రాంత ఇంజనీరుగారే స్వయముగా వచ్చి, అట్టవేసిన ఒక నోటుపుస్తకమును మా చేతికిచ్చిరి. పదమూడేండ్ల చరిత్ర అందు నీలిసిరాతో నిండియుండెను: తేదీ, మీటరు అంకె, మార్చిన వస్తువు, ఖర్చు. ఆయిలు ఎనిమిదివేల కొకసారి, డీజిలు ఫిల్టరు తప్పక, 1,02,000 వద్ద ఒకసారి 1,98,000 వద్ద మరియొకసారి టైమింగ్ బెల్టు. ఆ బెల్టు తెగినచో వాల్వులును పిస్టన్లును ఢీకొని ఇంజను సర్వనాశనమగును. తెగకముందే మార్చుటయే దానికి మందు. ఆ పుటలు తిరుగవేయుచుండగా అంకెలను గూర్చిన నా తొలి అభిప్రాయమునకు సిగ్గుపడితిని. దూరప్రయాణమున సమవేగముతో వేడిగా నడచిన ఇంజనుకంటె, నగరవీధులలో పదినిమిషములకొకమారు చల్లగా మేల్కొని చల్లారుచుండు ఇంజనే త్వరగా మసిబారి అరుగును. ఎంత తిరిగినదని మాత్రమే అడుగువానికి సగము సమాధానమే దొరకును. ఎట్లు తిరిగినదో, తిరిగినన్నాళ్ళు ఎవరి శ్రద్ధ దానిపై నిలిచినదో కూడ అడిగి తెలిసికొనవలయును.

కాగితముల పని మేస్త్రీగారు తేలికగా విడువలేదు. ఆర్.సి.లోని చాసిస్ సంఖ్యను చాసిస్ పైననే చదివి సరిచూచిరి. ఫైనాన్సు తీరినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రమును, 35వ నంబరు ఫారమును, చలానాల బాకీని విచారించిరి. యాజమాన్యము మార్చు 29, 30 ఫారములపై సంతకములు తమ యెదుటనే చేయించిరి. సొంతకారుకు పదునైదేండ్లు నిండిన పిమ్మట తనిఖీ చేయించి ఐదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలసియుండును గనుక, 2027లో ఆ ఖర్చు ఎదురగునని గుర్తుచేసిరి. ఢిల్లీబండి యైనచో అచ్చటి ఎన్.ఓ.సి., ఇచ్చటి లైఫ్ ట్యాక్సు అదనపు భారములు. "బండి ధరలో పదోవంతు విడిగా ఉంచుకోండి బాబూ. పాతబండికి మొదటి ఆరునెలలు అదే భరోసా," అని బావమరిదితో చెప్పిరి.

ఇన్నోవాయే కొంటిమి. మరునాడు అదే షెడ్డులో ఆయిలు మార్చుచుండగా క్రిందికి దిగిన పాత ఆయిలు కాటుకవలె నల్లగా నుండుట చూచి బావమరిది కలతపడెను. డీజిలు మసిని తనలో కలుపుకొని ఇంజనును శుభ్రముగా నుంచుటయే ఆయిలు ధర్మమనియు, నల్లబడుట దోషము కాదనియు, గడువు దాటి అందే యుంచుట దోషమనియు మేస్త్రీగారు బోధించిరి. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వర్షాకాలమున తరచుగా వదలవలయును. ట్యాంకు అడుగంటువరకు నడుపరాదు. ఎయిర్ ఫిల్టరును చెరువుగట్ల దుమ్ములో తిరుగువాడు నెలకొకసారి తీసి చూచుకొనవలయును. కూలంటుకు బదులు కాలువనీరు పోయరాదు. తుదకు టర్బోపై చేయి నిలిపి, "ఇది నిమిషానికి లక్షచుట్లు పైగా తిరుగుతుంది, ఆయిలు పొర మీద తేలుతూ. దూరం నుంచి వచ్చి వెంటనే ఆపేస్తే, అది వేడిమీద ఉండగానే ఆయిలు ఆగిపోతుంది. ఒక్క అరనిమిషం ఆగండి బాబూ, అంతే," అనిరి.

షెడ్డు గడపపై కూర్చుండి బావమరిది ఆ నోటుపుస్తకము తెరచి, ఇంజనీరుగారి నీలిసిరా వ్రాత ముగిసినచోట తన పెన్నుతో తేదీని, 2,38,416 అను అంకెను, ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీజిలు ఫిల్టరు అని వరుసగా వ్రాసెను. అత్తగారిని, పిల్లలను ఎక్కించుకొని సాయంకాలమునకు కైకలూరు చేరితిమి. ఇంటి వాకిట బండి నిలువగానే మా అత్తగారు నెమ్మదిగా దిగి అరుగువైపు నడచిరి. పిల్లలు తలుపులు తీసికొని బయటికి ఉరికిరి. బావమరిది మాత్రము స్టీరింగుపై చేతులుంచి, ఇంజను రొద మెల్లగా చల్లబడుచుండగా ఆలకించుచు, ఆ అరనిమిషము కదలక కూర్చుండి, పిదప తాళము త్రిప్పెను.