వెతికి తెచ్చే కుక్క

చలి ముదిరింది, కాస్త మంట దగ్గరికి జరగండి. ఇవాళ కుక్కల కబుర్లు చెప్పుకుందాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు కుర్రాళ్లు ఈమధ్య తరచూ ఒక మాట అడుగుతున్నారు: "అన్నా, ల్యాబ్రడార్ పిల్లను తెచ్చి వేటకు తయారు చేసుకోవచ్చా?"

ముందు వేట సంగతి తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. తుపాకీ పేలిస్తేనే వేట అనుకునేరు. కుందేలు మీదికి కుక్కను ఉసిగొల్పి తరిమించినా చట్టం లెక్కలో అది వేటే. పైగా మన పక్కనే నల్లమలలో 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. 2018లో గిర్ అడవిలో సింహాలను బలిగొన్న డిస్టెంపర్ వైరస్ కుక్కలకూ సోకేదే. టీకాలు లేని కుక్కను నల్లమలలో వదలడమంటే ఆ ముప్పును పులి గడపదాకా తీసుకుపోవడమే. కాబట్టి కౌజు, కుందేలు, బాతు జోలికి పోవద్దు.

మరి ఆ విద్యే మానేయాలా? ఎందుకు మానాలి? వేటలో చంపేది మనిషి. కుక్క చేసేది వెతకడం, తెచ్చివ్వడం. ఆ పనికి తుపాకీ అక్కర్లేదు.

మన నేలకు వేటకుక్కలు కొత్త కాదు. నల్లమల చెంచుల వెంట కుక్క ఎప్పుడూ ఉండేదే. తుంగభద్ర అవతల పత్తికొండ దగ్గరి పందికోన కుక్కలు తెగువకు పేరుపడ్డాయి. కర్ణాటక ముధోల్ కుక్క కంటబడ్డదాన్ని పరుగుతో ఓడిస్తుంది. ఇవి తరిమే కుక్కలు. ల్యాబ్రడార్ లాంటి రిట్రీవర్ తీరు వేరు. వేటగాడి పక్కన కదలకుండా కూర్చోవాలి, పిట్ట ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోవాలి, పొమ్మన్నప్పుడే పోవాలి, ఈక నలగకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. ల్యాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ చలి నీళ్లలో జాలర్లకు తోడుగా ఈదినవి. గోల్డెన్ రిట్రీవర్ వంశం 1868లో స్కాట్లాండ్‌లో ట్వీడ్‌మౌత్ ప్రభువు ఎస్టేట్‌లో మొదలైంది. రెండూ చలిదేశపు బిడ్డలే, ఈ సంగతి గుర్తుంచుకోండి.

పిల్లను ఎంచుకునేటప్పుడు ముద్దొచ్చే ముఖం చూసి మోసపోవద్దు. ఎనిమిది వారాల లోపు పిల్లను తల్లికి దూరం చేసేవాళ్ల దగ్గర కొనకండి. తల్లిని చూపించమనండి, కుదిరితే తండ్రినీ. ఈ రెండు జాతులకూ తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, అందుకే తల్లిదండ్రుల ఎక్స్‌రే అడగడం మన హక్కు. తర్వాత పిల్లల్లో ఒక్కొక్కదాన్ని పక్కకు తెచ్చి, ఒక కాగితం ఉండ చుట్టి రెండు అడుగుల దూరంలో దొర్లించండి. కొన్ని చూసి ఊరుకుంటాయి. కొన్ని పట్టుకుని మూలకు పారిపోతాయి. ఒకటి మాత్రం నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ మీవైపే తూలుతూ వస్తుంది. నేనైతే దాన్నే తెచ్చుకుంటాను. తాళాలగుత్తి కింద పడేసి చూడండి. ఉలిక్కిపడితే తప్పేం లేదు, మళ్లీ వచ్చి వాసన చూస్తే గుండె గట్టిదన్నట్టే.

ఇంటికి తెచ్చాక మొదటి బడి ఇంటి వసారానే. ఒకవైపు మూసి ఉన్న ఇరుకైన చోటు చూసుకోండి. పాత మేజోడును ముడివేసి విసరండి. పిల్ల పోయి పట్టుకోగానే మనవాళ్లు చేసే పని ఒకటుంది, వెంటపడి లాక్కోవడం. అక్కడే పని చెడుతుంది. వెంటపడితే దానికి అది పారిపోయే ఆటగా అర్థమవుతుంది, లాగితే పంటిపట్టు బిగుస్తుంది. దానికి వీపు చూపించి మీరే నాలుగడుగులు అవతలికి పరిగెత్తండి. అదే మీ వెనక వస్తుంది. వచ్చాక మేజోడు మీద వెంటనే చెయ్యి వేయొద్దు. మెడ కింద నిమరండి, కాసేపు నోట్లోనే ఉంచుకోనివ్వండి, తర్వాత దవడ కింద అరచెయ్యి పెట్టి "ఇడువు" అనండి. నోరు మెత్తగా ఉండాలంటే ఇదే మంచి దారి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. పిల్లలు "కమ్" అని, అవ్వ "దా" అని, మీరు "ఈడికి రా" అని పిలిస్తే ఆ చిన్నప్రాణి ఎవరి మాట వినాలి?

తేవడం మీద మోజు కుదిరాకే "ఆగు" నేర్పాలి. కూర్చోబెట్టి, పట్టీ మీద చెయ్యి ఉంచి, మేజోడు విసరండి. ఒక్క క్షణం ఆగితే పంపండి. మర్నాడు రెండు క్షణాలు. కొన్నిసార్లు అసలు పంపకుండా మీరే పోయి తెచ్చుకోండి. అసలు రిట్రీవర్ తయారయ్యేది ఈ ఆగడంలోనే. పరుగు ఏ కుక్కకైనా వస్తుంది. ఇక్కడ కొట్టడం, కసరడం పనికిరాదు, ఒక్క దెబ్బకు అది వస్తువును నోట పట్టడమే మానేయొచ్చు.

ఇక ఎండ. మన దగ్గర మే నెలలో 42 డిగ్రీలు దాటుతుంది, పైగా రాతినేల. రెండు పొరల బొచ్చున్న కుక్కకు అది ప్రాణాంతకం. బొచ్చు గొరిగించొద్దు, అదే ఎండను అడ్డుకుంటుంది. నేల మీద చేతి వెనకభాగం ఆనించి చూడండి, మీరు ఓర్వలేకపోతే దాని పాదాలూ ఓర్వలేవు. వేసవిలో తెల్లవారకముందే ఆట ముగించాలి. నాలుక వేలాడేసి తూలితే పొట్టకు, తొడలకు నీళ్లు పట్టించి, గాలి తగిలేలా చేసి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈత నేర్పాలని జూరాల జలాశయం నీళ్లలోకి మాత్రం విసరకండి, కృష్ణా నదిలో మొసళ్లున్నాయి. ఒడ్డు కనిపించే, లోతు తెలిసిన చిన్న కుంట చాలు.

ఇంత కష్టం దేనికంటారా? 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. కేరళ పోలీసుల కుక్కలు మాయా, మర్ఫీ అక్కడికి వచ్చాయి. బెల్జియన్ మాలినోయిస్ జాతివి. బురద కింద, ఇనుము కింద మనిషి జాడను పసిగట్టాయి. అవి చూపిన చోట తవ్వితే మార్చి 9న ఒక కార్మికుడి దేహం బయటపడింది. దూరాన ఎదురుచూస్తున్న ఆ ఇంటివాళ్లకు కడచూపు దక్కింది. మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసులు బాంబుల జాడకు తయారుచేసే ల్యాబ్రడార్లదీ ఇదే విద్య. ఇలాంటి పనులకు పిల్లను ఎంచుకునేవాళ్లు ముందుగా చూసేది బంతి మీద దానికున్న పిచ్చిని. కాగితం ఉండతో మీరు చూసేదీ అదే.

వేరుశనగ పీకేసిన చేను దొరికితే పొద్దున్నే తీసుకెళ్లండి. కట్టెల కుప్ప వెనకో, గట్టు మీదో మేజోడు దాచి, గాలికి ఎదురుగా వదలండి. మొదట అటూ ఇటూ వృథాగా తిరుగుతుంది, మీరు చూపించకండి. ఉన్నట్టుండి తల ఒకవైపు తిరుగుతుంది, తోక వేగం మారుతుంది, వాసన దొరికిందన్నమాట. తెచ్చి ఇచ్చాక మనసారా మెచ్చుకోండి. ఇంకోసారి కావాలని అది అడుగుతుండగానే ఆ పూటకు ఆట ఆపేయండి.