పనికి చదువు, చదువుకు పని

వృత్తివిద్య చదివిన పిల్లలు పనికి ఎంతవరకు అక్కరకు వస్తున్నారని యీ మధ్య ప్రతి సభలోనూ అడుగుతున్నారు. జూనియర్ కాలేజీలో ఒకేషనల్ పిల్లలకు చాలా ఏళ్లు కరెంటు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకూ ఒక మాట చెప్పే హక్కు వుందనుకుంటాను. ప్రశ్నే తలకిందులుగా వేస్తున్నారని నా అభిప్రాయం.

యీ ముచ్చట కొత్తది కాదు. 1952-53లో మొదలియార్ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలలు పెట్టమన్నది. 1964-66లో కొఠారీ కమిషన్ మళ్లీ వృత్తివిద్య మాటే ఎత్తింది. హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతాన్నీ, 1995 నాటికి 25 శాతాన్నీ యిటు మళ్లిస్తామని 1986 విద్యావిధానం చెప్పింది. 1992లో ఆ గడువుల్నే 1995కూ 2000కూ జరిపారు. గడువు జరపటానికి ఖర్చేముంది?

జనానికి గుమాస్తా ఉద్యోగాల మోజు వల్లనే యిదంతా అంటారు పెద్దలు. అలా అనే పెద్దల పిల్లలు ఒక్కరూ నా క్లాసుకు రాలేదు. వచ్చినవాళ్లు కూలీల పిల్లలు, కౌలుదార్ల పిల్లలు, ఆటో తోలేవాళ్ల పిల్లలు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె పిల్లలకు బడి పూట తగ్గించి, మిగతా పూట తండ్రి పని నేర్చుకోమంటే జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక ఆ పథకం పోయింది. శ్రమగౌరవం గురించిన ఉపన్యాసాలు ఎవరి పిల్లల కోసమో జనానికి తెలుసు.

మా లాబొరేటరీ సంగతి చెప్పకపోవటమే మర్యాద. ఒక ఏడు ఉన్న ఒక్క మోటారూ కాలిపోయింది. మరమ్మతుకు అనుమతి వచ్చేలోపల ఆ జట్టు పరీక్షలు రాసి వెళ్లిపోయింది. అయినా పిల్లలు ఏమీ నేర్చుకోలేదంటే నేను ఒప్పుకోను. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు అపార్ట్‌మెంట్లు కట్టేచోట మేస్త్రీ కింద హెల్పరుగా చేరాడు. మూడు రంధ్రాల ప్లగ్గులన్నింటికీ రెండేసి తీగలే లాగుతున్నారట. మూడోది, ఎర్తు తీగ, లేదు. ఫ్రిజ్జు బాడీకి కరెంటు వస్తే ముట్టుకున్న మనిషి గతేమిటని అడిగాడు. "చెప్పిన పని చెయ్యరా" అన్నాడు మేస్త్రీ. మేస్త్రీనీ తప్పు పట్టలేం. తీగ మిగిలితే లాభం కంట్రాక్టరుది, ఎదురాడితే పోయేది మేస్త్రీ పొట్ట. రెండోసారి అడిగినందుకు కుర్రవాణ్ణి రావద్దన్నారు.

కాలేజీ నేర్పింది అతనికి వచ్చు. వచ్చినందుకే పని పోయింది. ఏడో తరగతిలో బడి మానిన హెల్పరుకూ అతనికీ కూలి ఒక్కటే.

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 1986 సవరణతో ఒకేషనల్ పిల్లలకూ అందులో చోటు దొరికింది. మంచిదే. కాని శిక్షణ ముగిశాక, ఒప్పందంలో రాసుకుంటే తప్ప, యజమాని ఉద్యోగం యిచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. డిగ్రీలో కొన్ని కోర్సులకు వెళదామంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలి. అంటే కాలేజీవైపు తలుపు సగమే తెరిచారు, కార్ఖానావైపు తలుపు తెరవటం యజమాని యిష్టం.

"పుస్తకంలో వున్నట్టు పని చేయించే కంట్రాక్టరు మీకెవరైనా తెలుసా మాస్టారూ?" అని ఆ కుర్రవాడు అడిగాడు. తెలిసినవాళ్లందరినీ వాకబు చేశాను. ఒకాయన తీసుకున్నాడు, హెల్పరుగానే. అక్కడ ఎర్తు తీగ మటుకు వేస్తున్నారట.